సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో మన మాట వినపడాలంటే ఏం చేయాలి (కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళ కోసం)

నేను మొదటిసారి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళింది క్రికెట్ పిచ్ గురించి. మా దగ్గర పార్కు రిపేర్ కాంట్రాక్ట్ ఆ రోజు కౌన్సిల్ ముందుకి వస్తోందని, అందులో మనం ఆడుకునే మూల కాస్తా పిక్నిక్ బల్లలకి పోతోందని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మీటింగ్ 7 గంటలకి అన్నారు, మన లెక్కలో 7 అంటే ఏడున్నర కదా, పది మందిమి 7:25కి చేరాం. మీటింగ్ ఇంకా నడుస్తోంది గానీ మా ఐటమ్ అప్పటికే అయిపోయింది, ఇంకో పద్దెనిమిది ఐటమ్స్‌తో కలిపి ఒకే ఓటుతో పాస్ చేసేశారంట. సరే వచ్చాం కదా అని చివర్లో మైక్ దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకుంటే మేయర్ థ్యాంక్యూ అని తర్వాతి మనిషిని పిలిచేసింది, కూర్చున్న ఐదుగురు కౌన్సిల్ మెంబర్లలో ఒక్కరు కూడా ఒక్క ముక్క బదులు చెప్పలేదు. ఇంటికొచ్చి, చూశారా మనల్ని మనుషుల్లా కూడా చూడలేదు అని ఒకటే తిట్టుకున్నాం.

తర్వాత తెలిసిందేంటంటే రెండూ రూల్ ప్రకారమే జరిగాయి. ఒకే ఓటుతో పాస్ చేయడమూ రూలే, మాకు బదులు చెప్పకపోవడమూ రూలే. తెలీకుండా వెళ్ళింది మేమే. అందుకే ఇది రాస్తున్నా. మైక్ దగ్గర నిలబడే ఆ రెండు మూడు నిమిషాలు ఈ పనిలో చిట్టచివరి భాగం, అసలు పనంతా దానికి ముందే ఉంటుంది.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. కాలిఫోర్నియాలో సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు, కౌంటీ బోర్డు, పార్క్స్ కమిషన్, ప్లానింగ్ కమిషన్ అన్నీ బ్రౌన్ యాక్ట్ అనే చట్టం కింద నడుస్తాయి. 1952లో శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పేపర్లో, లోకల్ గవర్నమెంట్లు జనానికి తెలీకుండా చాటుమాటుగా మీటింగులు పెట్టుకుంటున్నాయని వరసగా కథనాలొచ్చాయి, దాంతో మోడెస్టో నుంచి అసెంబ్లీలో ఉన్న రాల్ఫ్ బ్రౌన్ 1953లో ఈ చట్టం తెచ్చాడు. ఇది కింది మెట్టు, ఏ ఊరూ దీనికంటే కిందకి దిగడానికి లేదు. దీనిపైన ఒక్కో ఊరికి సొంత రూల్స్ ఉంటాయి, ఎన్ని నిమిషాలిస్తారు, ఏ ఐటమ్ ముందు, ఏది వెనక లాంటివి. సిటీ వెబ్‌సైట్‌లో కౌన్సిల్ ప్రొసీజర్స్ అని వెతికితే దొరుకుతుంది, ఓ కప్పు టీ తాగేలోపు చదివేయొచ్చు. కౌన్సిల్ సైజు కూడా ఊరిని బట్టే, కుపర్టినోలో ఐదుగురు, ఫ్రీమాంట్‌లో ఏడుగురు, శాన్ హోసేలో పదకొండు మంది.

ఇంకో మాట, ఇది అందరూ అడిగేదే: మనం హెచ్1బీ మీద ఉన్నాం కదా, ఓటు కూడా లేదు, మాట్లాడొచ్చా అని. మాట్లాడొచ్చు. సిటిజనా కాదా, ఏ వీసా, అసలు ఆ ఊళ్ళో ఉంటున్నారా లేదా, ఇవేవీ అడగరు. చట్టంలో ఉన్నది పబ్లిక్ అనే మాట అంతే. ఆరు నెలలకి ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు కూడా పబ్లిక్కే. మీటింగ్‌కి రావాలంటే పేరు రాయి, సంతకం పెట్టు అని షరతు పెట్టడానికి కూడా వీల్లేదు. మన ఊళ్ళలో మున్సిపల్ కౌన్సిల్ అంటే మేయర్ పోడియం చుట్టూ కౌన్సిలర్లు నినాదాలివ్వడం టీవీలో చూడటమే తప్ప, మైక్ మన చేతికిస్తారని నేనెప్పుడూ అనుకోలేదు, అందుకే ఇక్కడ ఇంత తేలిగ్గా ఇస్తుంటే మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

1. అజెండా పట్టుకోండి

రెగ్యులర్ మీటింగ్ అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి, జనం ఎప్పుడైనా వెళ్ళి చూడగలిగే చోట అంటించాలి కూడా. అంటే మంగళవారం రాత్రి 7కి మీటింగైతే శనివారం రాత్రి 7 లోపు వచ్చేయాలి, చాలా ఊళ్ళు గురు, శుక్రవారాల్లోనే పెట్టేస్తాయి. స్పెషల్ మీటింగ్ అయితే 24 గంటలే, పైగా అందులో రాసున్న ఐటమ్స్ గురించి మాత్రమే మాట్లాడనిస్తారు. సిటీ వెబ్‌సైట్‌లో ఈమెయిల్ అలర్ట్‌కి సైనప్ అయిపోండి, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెడతారని కూర్చోకండి, మా పని అలాగే చెడింది.

అజెండాతో పాటు ప్యాకెట్ అని, ఐటమ్స్‌కి సంబంధించిన కాగితాల కట్ట ఒకటి వస్తుంది, ఒక్కోసారి ఐదారొందల పేజీలుంటుంది, అదంతా చదవక్కర్లేదు. అజెండాలో ఒక్కో ఐటమ్‌కి ఒకట్రెండు లైన్లే రాస్తారు, చట్టం కూడా ఇరవై మాటలు మించక్కర్లేదు అనే అంటుంది, కాబట్టి ఆ లైన్ చూసి ఇది మనది కాదులే అనుకోవద్దు. మా పిచ్ ఐటమ్‌లో క్రికెట్ అనే మాటే లేదు, పార్కు పేరు, కాంట్రాక్టర్ పేరు, ఎంత డబ్బు అన్నదీ ఉన్నాయి, మ్యాపు ఎక్కడో అటాచ్‌మెంట్‌లో ఉంది. అందుకని మీ ఐటమ్ నంబర్ పట్టుకుని దాని స్టాఫ్ రిపోర్ట్ (సిటీ ఉద్యోగులు కౌన్సిల్ కోసం రాసే నివేదిక) తెరవండి, అందులో మూడు చోట్లు చూస్తే చాలు: రికమెండేషన్ అని మొదట్లో ఉండే నాలుగు లైన్లు, డబ్బు ఎక్కడినుంచి అనేది, ఇంకా వేరే ఆప్షన్స్ ఏమన్నా రాశారా అనేది. ఆ మూడోది మనకి బంగారం, ఎందుకంటే స్టాఫే ఒప్పుకున్న వేరే దారి ఒకటి ఉంటే మనం అదే కావాలని అడగొచ్చు.

మీటింగ్‌కి ముందు ఎక్కువమంది సభ్యులకి ఏ కాగితం చేరినా, అది 72 గంటల లోపు వచ్చినదైనా సరే, అదే టైమ్‌కి జనానికీ అందుబాటులో ఉండాలి. కాబట్టి మీటింగ్ రోజు మధ్యాహ్నం ఇంకోసారి పేజీ రిఫ్రెష్ చేసి చూడండి, సప్లిమెంటల్ అని ఏదో ఒకటి కొత్తగా వచ్చి ఉంటుంది.

2. మీ ఐటమ్ ఏ బుట్టలో ఉందో చూడండి

నన్నడిగితే ఈ మొత్తంలో ముఖ్యమైంది ఇదే, ఇక్కడ తప్పితే ఎంత బాగా మాట్లాడినా లాభం లేదు.

కన్సెంట్ క్యాలెండర్‌లో ఉందనుకోండి, అంటే గొడవ లేనివి అనుకున్న వాటన్నిటినీ మూటకట్టి ఒకే మోషన్‌తో (ప్రతిపాదనతో), ఒకే ఓటుతో అవగొట్టేస్తారు, మీటింగ్ మొదలైన పది పదిహేను నిమిషాల్లో ఐపోతుంది. లక్షల డాలర్ల కాంట్రాక్టులు కూడా ఇందులోనే ఉంటాయి. కౌన్సిల్ మెంబర్ ఎవరైనా ఒకరు, ఐటమ్ 6 బయటికి తియ్యండి అంటే దాన్ని విడిగా చర్చిస్తారు, కొన్ని ఊళ్ళలో మనం అడిగినా తీస్తారు. కాబట్టి సోమవారమే మీ డిస్ట్రిక్ట్ (మన వార్డు లాంటిది) మెంబర్‌కి చిన్న మెయిల్ పెట్టి, దయచేసి ఇది కన్సెంట్ నుంచి తీయించండి, కారణం ఇది, అని అడగండి. తీయకపోయినా సరే ఓటుకి ముందు దానిమీద మాట్లాడే హక్కు మనకుంది, ఆ టైమ్‌కి కుర్చీలో ఉండాలి అంతే.

పబ్లిక్ హియరింగ్ అంటే జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చు అనే రూల్స్), కొత్త బిల్డింగులు, ఫీజుల పెంపు లాంటివాటికి చట్టం తప్పనిసరి చేసిన బహిరంగ విచారణ. స్థలానికి సంబంధించినవైతే చాలావాటికి 300 అడుగుల లోపు ఇళ్ళ ఓనర్లకి కనీసం 10 రోజుల ముందు పోస్టులో నోటీస్ వస్తుంది, మనం దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి రీసైకిల్ డబ్బాలో పడేస్తాం, పడేయకండి. ఇందులో ఇంకో మెలిక ఉంది, ఆ నిర్ణయం మీద తర్వాత కోర్టుకెళ్దాం అనుకుంటే హియరింగ్‌లో మాటల్లోనో రాతలోనో అప్పటికే లేవనెత్తిన పాయింట్లే చాలాసార్లు పనికొస్తాయి, అప్పుడు చెప్పకుండా తర్వాత చెప్తే కుదరదు అంటారు. అందుకే హియరింగ్ అయితే మాట్లాడటంతో ఆగకుండా అన్ని పాయింట్లూ రాసి సిటీ క్లర్క్‌కి (కౌన్సిల్ కాగితాలు, రికార్డులు చూసే అధికారి) ఇచ్చేయండి.

ఆర్డినెన్స్ (అంటే ఊరి చట్టం) అయితే మామూలుగా రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ప్రవేశపెట్టడం, కనీసం 5 రోజులు ఆగి రెండోసారి ఆమోదించడం, మామూలు వాటికి ఆ తర్వాత 30 రోజులకి అమలు. అంటే మొదటిసారి మిస్సయినా ఇంకో ఛాన్సుంది, కాకపోతే రెండోది తరచుగా కన్సెంట్‌లో దూరిపోతుంది, చూస్కోండి. రెజల్యూషన్ (మామూలు తీర్మానం) అయితే అదే రాత్రి అయిపోతుంది.

మీ విషయం అసలు అజెండాలోనే లేకపోతే? అప్పుడు పబ్లిక్ కామెంట్ లేదా ఓరల్ కమ్యూనికేషన్స్ అనే టైమ్‌లో మాట్లాడాలి, కౌన్సిల్ పరిధిలోకొచ్చే ఏ విషయమైనా చెప్పొచ్చు. కానీ అజెండాలో లేనిదాన్ని వాళ్ళు చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు, ఎందుకంటే ఆ విషయం మీద అభిప్రాయం ఉన్న మిగతా జనానికి అది వస్తోందని తెలీదు కదా. చిన్నగా బదులివ్వొచ్చు, ఒక ప్రశ్న అడగొచ్చు, స్టాఫ్‌కి అప్పజెప్పొచ్చు, తర్వాతి అజెండాలో పెట్టమనొచ్చు, అంతవరకే. ఆ రోజు మా ముందు ఐదుగురూ రాతి బొమ్మల్లా కూర్చుంది ఇందుకే. కాబట్టి అక్కడ న్యాయం చేయండి అని అడగకుండా వాళ్ళ చేతిలో ఉన్నదే అడగండి: దీన్ని స్టాఫ్‌కి రిఫర్ చేయండి, లేదా ఫలానా నెల అజెండాలో పెట్టండి.

3. ముందే మెయిల్ రాయండి

మీటింగ్‌లో మాట్లాడితే మూడు నిమిషాలు, మెయిల్‌కి ఆ లిమిట్ లేదు. అలాగని పేజీలకి పేజీలు వద్దు, సబ్జెక్ట్‌లో ఐటమ్ నంబర్, మొదటి లైన్లో మీకేం కావాలో, తర్వాత కారణాలు. అందరు మెంబర్లకీ, సిటీ క్లర్క్‌కీ కలిపి ఒకే మెయిల్ పంపొచ్చు. లాస్ట్ టైమ్ ఎప్పుడనేది అజెండా మొదటి పేజీలో ఉంటుంది. ఈ మెయిల్స్ పబ్లిక్ రికార్డ్ అవుతాయి, ప్యాకెట్‌తో పాటు వెబ్‌సైట్‌లో కూడా రావొచ్చు, కాబట్టి ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ రాయకండి.

మనవాళ్ళు మంచి అనుకుని చేసే తప్పొకటుంది. ఒక మెంబర్‌ని కలిసి ఆవిడ ఓకే అన్నాక రెండో ఆయన దగ్గరికెళ్ళి, మేడమ్ మనవైపే ఉన్నారండి మీరూ ఉంటే అని, తర్వాత మూడో ఆయన దగ్గరికి. ఊళ్ళో పెద్దమనుషుల్ని ఒప్పించినట్టు. ఐదుగురిలో ముగ్గురు అంటే మెజారిటీ, మెజారిటీ సభ్యులు మీటింగ్ బయట నేరుగా గానీ మధ్యవర్తి ద్వారా గానీ వరసగా మాట్లాడుకుని ఒక విషయాన్ని చర్చించకూడదు, దీన్ని సీరియల్ మీటింగ్ అంటారు, ఆ మధ్యవర్తి మీరే అవుతారు. ఒక్కొక్కరిని కలవడం తప్పేం కాదు, మీ మాట మీరు చెప్పండి, ఒకరి మాట ఇంకొకరికి మొయ్యకండి. మీ మెయిల్‌కి ఎవరూ రిప్లై ఆల్ కొట్టకపోవడానికి కారణం కూడా ఇదే, పొగరని అనుకోవద్దు.

4. ఆ రోజు

అరగంట ముందెళ్ళండి. డోర్ దగ్గరో క్లర్క్ దగ్గరో స్పీకర్ కార్డు ఉంటుంది, ఐటమ్ నంబర్ రాసి ఇచ్చేయండి, కొన్ని ఊళ్ళలో టాబ్లెట్‌లో నొక్కాలి. జూమ్‌లో మాట్లాడనిస్తారా లేదా అనేది కూడా అజెండా మొదటి పేజీలోనే ఉంటుంది.

మామూలుగా 3 నిమిషాలిస్తారు, కార్డులు ఎక్కువొస్తే మేయర్ 2కి, ఒక్కోసారి 1కి తగ్గిస్తుంది, అప్పటికప్పుడు గాభరా పడతాం. మూడు నిమిషాలది, ఒక నిమిషానిది రెండూ కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. మొదటి వాక్యంలోనే, ఐటమ్ 9, నేను వ్యతిరేకిస్తున్నాను, దాన్ని ఇలా మార్చమని కోరుతున్నాను అనేయాలి, నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, మా అబ్బాయి ఇక్కడే చదివాడు అని మొదలెడితే అసలు విషయానికొచ్చేసరికి ఎర్ర లైట్ వెలుగుతుంది, నాకు వెలిగింది. పది మంది వెళ్తే పది మందీ అదే చెప్పకుండా పంచుకోండి, ఒకరు డబ్బు సంగతి, ఒకరు పిల్లల సంగతి, ఒకరు ఫోటో చూపించడం, మిగతావాళ్ళు నేనూ అదే అంటున్నా అని పది సెకన్లలో కూర్చోవడం. నిజం చెప్పాలంటే మన గ్రూపులో దీన్ని పాటించేలా చేయడం కౌన్సిల్‌ని ఒప్పించడం కంటే కష్టం.

ఇంగ్లీష్ రాని పెద్దవాళ్ళకి ఒక మంచి రూలుంది, చాలామందికి తెలీదు. ట్రాన్స్‌లేటర్ ద్వారా మాట్లాడేవాళ్ళకి కనీసం రెట్టింపు టైమ్ ఇవ్వాలి, 3 నిమిషాలైతే 6 (సిటీ వాళ్ళే ఇయర్‌ఫోన్లు పెట్టి అప్పటికప్పుడు తర్జుమా వినిపిస్తుంటే మాత్రం ఇది వర్తించదు). రోజూ పార్కులో నడిచే మామగారు తెలుగులో రెండు మాటలు చెప్పి మీరు పక్కన నిలబడి ఇంగ్లీష్‌లో చెప్తే హాల్లో అందరూ తలెత్తి చూస్తారు. కార్డులో ముందే రాయండి, క్లర్క్‌కి కూడా చెప్పండి.

సిటీ పాలసీని, పనులని, నిర్ణయాలని విమర్శించొచ్చు, విమర్శించారని ఆపడానికి వీల్లేదు. నిజంగా మీటింగ్ జరగనివ్వకుండా గొడవ చేస్తేనే, అదీ మామూలుగా ముందు హెచ్చరించాకే, బయటికి పంపొచ్చు. ఇతరులకి అడ్డం రానంతవరకు ఫోన్లో రికార్డ్ చేసుకోవచ్చు కూడా.

5. మీ వంతు అయ్యాక లేచి వెళ్ళిపోకండి

పబ్లిక్ కామెంట్ మూసేశాక మనకి మైక్ ఉండదు, కానీ అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. ఒకరు మోషన్ పెడతారు, ఇంకొకరు సెకండ్ చేస్తారు (బలపరుస్తారు), చర్చ, ఓటు. మీటింగ్ ఎలా నడపాలో చెప్పే రోజెన్‌బర్గ్ రూల్స్ అనే చిన్న పుస్తకం చాలా ఊళ్ళు వాడతాయి, యోలో కౌంటీలో జడ్జిగా చేసిన డేవ్ రోజెన్‌బర్గ్ రాశాడు, 1876 నాటి రాబర్ట్స్ రూల్స్ మరీ లావని. సెకండ్ లేకపోతే మోషన్ అక్కడితో పోతుంది. ఓట్లు సమానమైతే మోషన్ ఓడినట్టే. మోషన్ మాటల్ని ఉన్నదున్నట్టు రాసుకోండి, మీరడిగింది అందులో ఉందా లేదా అనేదే లెక్క, ఎవరెంత తీయగా మాట్లాడారన్నది కాదు.

మన చెవికి తిరకాసుగా వినపడే మాటొకటి కంటిన్యూ. ఐటమ్ కంటిన్యూ చేస్తున్నాం అంటే చర్చ కొనసాగుతుందని మేము హాయిగా కూర్చున్నాం, దానర్థం ఇంకో తేదీకి వాయిదా అని. ఆ తేదీ ఏదో చెప్తారు, రాసుకోండి, మళ్ళీ నోటీస్ ఇంటికి రాకపోవచ్చు. ఎవరైనా మెంబర్ నేను రిక్యూజ్ అవుతున్నా (ఈ ఐటమ్ నుంచి తప్పుకుంటున్నా) అని లేచి వెళ్ళిపోతే అలిగి వెళ్ళినట్టు కాదు, వాళ్ళ ఇల్లు ఆ స్థలానికి 500 అడుగుల లోపు ఉందనో డబ్బు సంబంధం ఉందనో. రహస్య ఓటు ఉండదు, ఎవరు ఎటు వేశారో పేరుతో సహా చెప్పాలి.

క్లోజ్డ్ సెషన్ అని తలుపులేసుకుని కూర్చునేది ఉద్యోగుల విషయాలు, కోర్టు కేసులు, స్థలాల బేరాలు లాంటి చట్టం ఒప్పుకున్న కొన్నిటికే. లోపలికెళ్ళే ముందు దానిమీద కూడా మనం మాట్లాడొచ్చు, బయటికొచ్చాక చట్టం చెప్పమన్న నిర్ణయాలని బయట పెట్టాలి.

6. రూల్ తప్పారనిపిస్తే

అక్కడ లేచి అరవకండి. అజెండాలో లేనిదాని మీద నిర్ణయం తీసుకోవడం లాంటిది జరిగితే, ఏం జరిగిందో, ఏ రూల్ తప్పిందో రాసి దీన్ని సరిదిద్దండి అని కౌన్సిల్‌కి లెటర్ ఇవ్వాలి, క్యూర్ అండ్ కరెక్ట్ అంటారు. నిర్ణయం తీసుకున్న రోజు నుంచి 90 రోజుల లోపు, బహిరంగ మీటింగ్‌లోనే జరిగిన అజెండా తప్పైతే 30 రోజుల లోపే. వాళ్ళకి సరిదిద్దడానికి 30 రోజులుంటాయి, కాదంటే తర్వాత 15 రోజుల్లో కోర్టుకెళ్ళాలి, అక్కడికొస్తే లాయర్ని చూస్కోండి. చాలాసార్లు అంతదాకా పోదు, సిటీ అటార్నీ (సిటీ తరఫు లాయర్) లెటర్ చూసి మళ్ళీ అజెండాలో పెట్టించి మళ్ళీ ఓటు వేయిస్తాడు.

పార్కులు, సైడ్‌వాక్‌లు, స్కూల్ దగ్గర క్రాసింగులు లాంటివాటికైతే కౌన్సిల్ కంటే ముందు కమిషన్లకి వెళ్ళండి. అదే చట్టం, అవే 72 గంటలు, కానీ హాల్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, మన మాట ఓపిగ్గా వింటారు, స్టాఫ్ రిపోర్ట్ ఇంకా రాయక ముందే మన ఆలోచన అందులో పడుతుంది. మేము రెండోసారి చేసింది అదే. ఓరల్ కమ్యూనికేషన్స్‌లో ఒక్క నిమిషం మాట్లాడి స్టాఫ్‌కి రిఫర్ చేయమన్నాం, తర్వాతి వారం పార్క్స్ ఆఫీసు నుంచి మెయిలొచ్చింది, నాలుగు నెలలకి కమిషన్ అజెండాలో ఎక్కింది, పార్కు రెండో వైపు మ్యాటింగ్ పిచ్ వేశారు. నెట్స్ మాత్రం ఇంకా రాలేదు. వచ్చే నెల కమిషన్ అజెండాలో అది ఐటమ్ 4, ఈసారి గ్రూపులో టైమ్ 6:30 అని పెట్టా.